నగర శివారులో స్థలం కొనే ముందు నీటి దారిని ఎలా చూసుకోవాలి

2011 జనాభా లెక్కల నాటికే తెలంగాణలో దాదాపు 39 శాతం మంది పట్టణాలలో నివసిస్తున్నారు. అప్పటికి దేశం మొత్తం మీద ఆ వాటా 31 శాతమే. ఆ తరువాత వచ్చిన పెరుగుదలలో పెద్ద భాగం హైదరాబాద్ నడిబొడ్డున కాక, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న గ్రామాలలో కనిపిస్తోంది. నిన్న మొన్నటి వరకు వరి పండిన సర్వే నంబర్లు చూస్తుండగానే వెంచర్లుగా మారిపోతున్నాయి, మంచినీటి పైపులు, మురుగు కాలువలు, బస్సులు మాత్రం ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వస్తున్నాయి. నగరం ఎటు పెరగాలో ప్రభుత్వమో బిల్డర్లో నిర్ణయిస్తారని మనం అనుకుంటాం గాని, చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో, వేసిన ప్లాట్లు అమ్ముడుపోకపోతే దాని పక్కన రెండవ వెంచర్ వెలవదు. అంటే కొనేవారి చేతిలో కూడా కొంత నిర్ణయం ఉంది. ఊళ్లో ఉండి కొనేవారికైనా, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఫోనులో ఫొటోలు చూసి అడ్వాన్సు పంపేవారికైనా ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను.

చాలామంది మొదట ధర అడుగుతారు, తరువాత కాగితాలు చూస్తారు, నీటి సంగతి వానలు పడ్డాక గుర్తుకు వస్తుంది. ఈ వరుసను తిరగేయాలన్నది నా అభిప్రాయం. ముందు ఆ స్థలానికి నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో తేల్చుకోవాలి, ఆ తరువాత కాగితాలు చూడాలి, ధర మాట చివరికి రావాలి. కాగితాలలోని కొన్ని లోపాలను సరిదిద్దుకునే వీలుంటుంది గాని, పల్లంలో ఉన్న స్థలాన్ని ఎవరూ మెరకకు తరలించలేరు.

గొలుసుకట్టును అర్థం చేసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు విడివిడి గుంటలు కావు. పై చెరువు నిండితే దాని అలుగు మీదుగా పొర్లిన నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే మరొక దానికి, చివరకు మూసీకో మరో వాగుకో చేరుతుంది. కట్టకు ఉండే తూము ద్వారా పారిన నీటితో కింద ఆయకట్టు పండేది. ఈ అమరికలో ఎక్కడ ఒక ముక్క పూడ్చినా దాని ఫలితం ఆ ముక్క దగ్గర ఆగదు. అలుగు కాలువను మూసి ఇళ్లు కడితే పై చెరువు నీరు పొంగి కట్టనే తెంచవచ్చు, తెగితే కట్ట కింద ఉన్న కాలనీ మునుగుతుంది.

2020 అక్టోబరులో జరిగింది చాలావరకు ఇదే. ఆ నెల 13వ తేదీ రాత్రి కురిసిన వానకు, ఆ తరువాత మళ్లీ పడిన వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలలోకి నీరు దూసుకువచ్చింది. టోలీచౌకి దగ్గర షా హాతిం చెరువు పక్కన ఉన్న నదీం కాలనీ రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. ఇది హైదరాబాద్‌కే పరిమితమైన కష్టం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలను ముంచింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. మూడు చోట్లా వాన అసాధారణంగా కురిసిన మాట నిజమే గాని, నీరు పోవలసిన దారిలో ఇళ్లు ఉండడమే నష్టాన్ని అంతగా పెంచింది.

కాబట్టి స్థలం చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ స్థలానికి ఎగువన ఏ చెరువు ఉంది? దిగువన ఏది ఉంది? రెండింటినీ కలిపే కాలువ ఇప్పుడు ఎక్కడ ఉంది? చెరువు కనుచూపు మేరలో లేదని నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే ఆ రెండింటి మధ్య కాలువ మీ ప్లాటు కిందనే పూడుకుపోయి ఉండవచ్చు.

పటాలు తిరగేయడం

అమ్మేవారిని ముందుగా సర్వే నంబరు, గ్రామం పేరు, మండలం అడగండి. ఇచ్చేందుకు తటపటాయిస్తే అక్కడితో ఆగిపోవడం మంచిది. సర్వే నంబరు దొరికాక ఆ గ్రామ నక్ష (సర్వే పటం) సంపాదించి, అందులో నీలి గీతలుగానో రెండు సమాంతర రేఖలుగానో గుర్తించిన వాగులను, చెరువు గర్భాన్ని చూడండి. పాత పహాణీలలో (భూమి, సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డులలో) ఆ నంబరుకు ఎదురుగా శిఖం, కుంట, నాలా వంటి మాటలు ఉన్నాయేమో వెతకండి. ఖాస్రా పహాణీగా పిలిచే 1954-55 నాటి రికార్డు వరకు వెళ్లి చూడడం మేలు.

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) తన పరిధిలోని చెరువుల జాబితాను, ఎఫ్‌టీఎల్ పటాలను ఆన్‌లైన్‌లో ఉంచింది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు అలుగు మట్టం వరకు నిండినప్పుడు నీరు పరుచుకునే హద్దు. ఆ జాబితాలో మీ గ్రామం పేరుతో వెతికి, చెరువు హద్దుపై ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా వచ్చిందా చూడండి. ప్రాథమిక దశలో ఉన్న హద్దు అభ్యంతరాల తరువాత మారవచ్చు. అందువల్ల అది మీకు అనుకూలంగా ఉన్నా సరే, గీతకు ఆనుకుని ఉన్న ప్లాటును నేనైతే కొనమని చెప్పను.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద వరదలో నీరు అలుగు మీద నుంచి పొర్లుతున్నప్పుడు చెరువులో నీటి మట్టం అలుగు కన్నా ఎత్తున ఉంటుంది. అంటే ఎఫ్‌టీఎల్ గీత బయట ఉన్న ఇంట్లోకి కూడా నీరు రావచ్చు. ఎఫ్‌టీఎల్ హద్దు బయట కట్టడాలు లేకుండా వదలవలసిన బఫర్ జోన్ ఉంచింది కొంతవరకు ఇందుకే.

గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను ఏడాది వారీగా చూసే సదుపాయం ఉంది. ఎండాకాలపు చిత్రం చూస్తే ప్రతి చెరువూ ఖాళీ మైదానంలానే కనిపిస్తుంది కాబట్టి, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య తీసిన చిత్రాలు వెతకండి. ముఖ్యంగా 2020 చివరి నెలల చిత్రం దొరికితే తప్పకుండా చూడాలి. ఆ ఏడాది కూడా నీరు రాని చోటు కొంత నమ్మదగినది. పొలాల మధ్య వంకరగా సాగే ముదురు ఆకుపచ్చ చార కనిపిస్తే అది సాధారణంగా వాగు. తరువాతి ఏడాది చిత్రంలో ఆ చార తెగిపోయి ఎర్రమట్టి రోడ్లు కనిపిస్తే, ఆ వాగును ఎవరో పూడ్చారని అనుమానించాలి.

నేల మీద చూడవలసినవి

పటాల పని అయ్యాక స్థలం దగ్గరకు వెళ్లండి. వెంచర్ వారి కారులో కాకుండా సొంతంగా, వీలైతే గట్టి వాన పడిన మరుసటి రోజు ఉదయం వెళ్లండి. ప్రవేశ ద్వారం దగ్గర కాసేపు ఆగి చూసి వచ్చేయకుండా, చుట్టూ అర కిలోమీటరు నడవండి.

చుట్టుపక్కల ఎర్రనేల ఉండి మీ ప్లాటు దగ్గర మాత్రం నల్లని మెత్తటి ఒండ్రు ఉంటే అక్కడ ఏళ్ల తరబడి నీరు నిలిచిందని అర్థం. తుంగ, జమ్ము పెరిగి ఉన్నా అంతే. కొత్తగా పోసిన మొరం కింద ఏముందో తెలుసుకోవడానికి ప్లాటు అంచున రెండు మూడు అడుగులు తవ్వించి చూడండి. పక్క ఇళ్ల ప్రహరీ గోడల మీద మోకాలి ఎత్తునో నడుము ఎత్తునో అడ్డంగా సాగిన మరక, గేటు ముందు కట్టిన చిన్న అడ్డుగోడ, ఇంటి చుట్టూ పేర్చి వదిలేసిన ఇసుక బస్తాలు అక్కడి వారు పడిన బాధను చెబుతాయి. రోడ్డు కింద తూములు గాని కల్వర్టు గాని ఉండి, దానికి రెండు వైపులా కాలువ కనిపించకపోతే మరింత జాగ్రత్త పడాలి. వాగు లేని చోట రోడ్ల శాఖ కల్వర్టు కట్టదు.

మన చెరువు కట్టల మీద కట్ట మైసమ్మ గుడి ఉండడం ఆనవాయితీ. చెరువును, కట్టను కాపాడే తల్లిగా ఊరివారు కొలిచే ఆ అమ్మ గుడి ఇప్పుడు ఒక రద్దీ రోడ్డు పక్కన కనిపిస్తే, ఆ రోడ్డే ఒకప్పటి కట్ట కావచ్చు, ఒక వైపు పల్లం చెరువు గర్భం, రెండవ వైపు ఆయకట్టు కావచ్చు. ఊరి పేర్లు, బస్తీ పేర్లు కూడా ఇలాంటి ఆధారాలే. మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు గాని పేరు మిగిలింది.

ఊరి పెద్దలతో మాట్లాడకుండా తిరిగి రావద్దు. "ఇక్కడ నీళ్లు వస్తాయా?" అని అడిగితే చాలామంది వెంచర్ వారితో తగవు ఎందుకని "రావు" అనేస్తారు. దానికి బదులు, "ఈ పొలం ఏ తూము కింద పారేది? ఏ పంట వేసేవారు? చెరువు నిండినప్పుడు నీళ్లు ఏ చెట్టు దాకా వచ్చేవి?" అని అడగండి. గ్రామంలో మత్స్యకారుల సహకార సంఘం ఉంటే దాని సభ్యులను కలవడం ఇంకా మంచిది. చేప పిల్లలు వేసి బతికేవారు కాబట్టి నీరు ఎంతవరకు పరుచుకుంటుందో, ఎవరు ఏ వైపు నుంచి పూడుస్తున్నారో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అలుగును కొంత పగలగొట్టి నీటి మట్టం తగ్గించడం, తూము తెరిచి ఉంచి చెరువును ఖాళీగా చూపించడం వంటి పనులు జరిగి ఉంటే ఆ సంగతి కూడా వారి నోటే తెలుస్తుంది. ఒకసారి అలుగు దగ్గరకు వెళ్లి రాతికట్టడం చెక్కుచెదరకుండా ఉందో లేదో మీరే చూడండి.

బఫర్ దూరాలు, పట్టా వాదం

2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పు గల కాలువ, వాగు, నాలాల హద్దు నుంచి 9 మీటర్లు, అంతకన్నా సన్నని వాటికి 2 మీటర్లు వదలాలి. నదుల విషయంలో పట్టణ పరిధిలో 50 మీటర్లు, దాని బయట 100 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరుగా నియమావళి వచ్చింది కాబట్టి అక్కడివారు దానిని చూసుకోవాలి, ఇక్కడైనా కొనే నాటికి ఏవైనా సవరణలు వచ్చాయేమో స్థానిక సంస్థలో అడిగి తెలుసుకోవాలి.

"ఇది ప్రభుత్వ భూమి కాదండీ, పక్కా పట్టా" అన్న మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు. శిఖం భూములలో పట్టాలు ఉన్నవి చాలానే ఉన్నాయి, నీరు తగ్గినప్పుడు అందులో పంట వేసుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఇల్లు కట్టే హక్కు ఆ పట్టాతో రాదు. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, అందులో ఏం కట్టవచ్చన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చెప్పడం వల్లనే ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు జీవితకాలపు పొదుపును నీటిలో పోసుకున్నాయి. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి ఆక్రమణల తొలగింపు మొదలైన తరువాత, రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, బ్యాంకు రుణం అన్నీ ఉన్నా కట్టడం నిలవదని చాలామందికి తెలిసివచ్చింది. వీటిలో ఏదీ నిర్మాణ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

కాగితాలు

కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో చూడండి. వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి జరిగిందో లేదో అడగండి. లే అవుట్ విషయంలో "హెచ్ఎండీఏ అప్రూవ్డ్" అన్న బోర్డుతో తృప్తి పడకుండా, వచ్చింది డ్రాఫ్ట్ అనుమతా తుది అనుమతా అని నిలదీయండి. డ్రాఫ్ట్ అనుమతి దశలో అభివృద్ధి పనులకు హామీగా కొన్ని ప్లాట్లు హెచ్ఎండీఏకు తనఖాలో ఉంటాయి, మీకు చూపిస్తున్న ప్లాటు ఆ తనఖా జాబితాలోనిది కాకూడదు. పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని, రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించారా అన్నది తప్పకుండా అడగవలసిన ప్రశ్న. అప్పగించని పార్కు పదేళ్ల తరువాత కొత్త ప్లాట్లుగా మారిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించి గాని ఉన్న ప్రాజెక్టును రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా అమ్మకూడదు. కొనేవారి నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రెరా వెబ్‌సైట్‌లో నమోదు సంఖ్యతో వెతికి, అక్కడి ప్లాను, మీకు ఇచ్చిన బ్రోచరు ఒకటేనా అని పక్కపక్కన పెట్టి పోల్చండి. "ఫామ్ ప్లాట్లు" పేరుతో వ్యవసాయ భూమిని గుంటల లెక్కన అమ్మే వాటికి లే అవుట్ అనుమతే ఉండదు, రోడ్డు మీద, పార్కు మీద మీకు ఏ హక్కూ రాదు. "తరువాత ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లే అవుట్లను క్రమబద్ధీకరించే పథకంలో) కట్టుకుంటే సరిపోతుంది" అన్న హామీ నమ్మవద్దు. 2020లో ప్రకటించిన ఎల్ఆర్ఎస్ కూడా చెరువు, నాలా స్థలాలను మినహాయించింది.

తాగే నీరు, మురుగు

హైదరాబాద్ ఇప్పుడు కృష్ణా నీటిని నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీటిని ఎల్లంపల్లి నుంచి వందకు పైగా కిలోమీటర్ల దూరం పంపుచేసి తెచ్చుకుంటోంది. శివారు వెంచర్‌కు ఆ పైపు ఎప్పుడు వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కాబట్టి పక్క కాలనీలో బోరు ఎన్ని అడుగులకు పడిందో, ఏప్రిల్, మే నెలలలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. అపార్ట్‌మెంటు అయితే మురుగు శుద్ధి ప్లాంటును స్వయంగా చూడండి. అది నడుస్తున్నదైతే పంపుల చప్పుడు, తిరుగుతున్న నీరు కనిపిస్తాయి. బయటి పైపు సమీపంలోని నాలాలోకి పెట్టి ఉంటే, మీ ఇంటి మురుగు దిగువ ఊరి చెరువులో చేరి గుర్రపు డెక్కకు ఎరువవుతుంది. బస్సు స్టాపు, బడి, ఆసుపత్రి ఎంత దూరమో చూడడం అందరూ చేసేదే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. కారు లేనివారు కూడా అక్కడ బతకగలరా అన్న కోణంలో మాత్రం ఒకసారి చూడండి.

కట్టేటప్పుడు, కట్టాక

100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్ల నీరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది కాబట్టి, ఆవిరి, తరుగు తీసేసినా ఆ డాబా మీద 60 వేల లీటర్లకు పైగా దొరుకుతుంది. ఆ నీటిని డాబా పైపు నుంచి చిన్న వడపోత తొట్టి గుండా ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంత అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక వేయాలి, ఏటా మే నెలలో పై ఇసుక పొర తీసి కడిగి మళ్లీ వేయాలి. ఈ చివరి పని చేయకపోవడం వల్లనే చాలా గుంతలు రెండేళ్లకే పూడుకుపోతున్నాయి. ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) అంతటా టైల్స్ పరచకుండా కొంత నేలను వదలండి. వాన నీటి పైపును ఎట్టి పరిస్థితిలోనూ మురుగు మ్యాన్‌హోల్‌లో కలపవద్దు, గట్టి వానలో ఆ మురుగే ఎదురు తన్ని పల్లంలోని ఇళ్లలోకి వస్తుంది.

కాలనీ సంఘం శ్రద్ధ పెట్టవలసిన విషయం మరొకటి ఉంది. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తే వేసినప్పుడల్లా రోడ్డు పెరిగి ఇళ్లు పల్లమవుతాయి. పని మొదలయ్యే ముందే పాత పొరను తొలగించాలని సంఘం లిఖితపూర్వకంగా కోరాలి. నాలా పూడికతీత మే నెలాఖరులోగా జరగాలి, తీసిన పూడికను గట్టునే వదిలితే తొలి వానకే మళ్లీ లోపలికి జారుతుంది కాబట్టి ఎత్తుకుపోయేదాకా వెంటపడాలి. చెరువు హద్దు, నాలా వెడల్పు, పార్కు గిఫ్ట్ డీడ్ వంటి వివరాలను సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజులలో జవాబు రావాలి. "చెరువు వివరాలు ఇవ్వండి" అని అడిగితే పొడి జవాబు వస్తుంది. "ఫలానా సర్వే నంబరులోని చెరువు ఎఫ్‌టీఎల్ పటం ధ్రువీకృత నకలు, తుది నోటిఫికేషన్ తేదీ" అని విడివిడిగా అడగండి.

ఇప్పటికే పల్లంలో ఇల్లు ఉన్నవారు

ఈ వ్యాసం చదివేసరికే కొందరు కొని, కట్టుకుని ఉంటారు. వారిని నిందించడం న్యాయం కాదు, అనుమతులు ఇచ్చినవారూ అమ్మినవారూ ఉన్నారు. మొదట మీ ఇల్లు ఎఫ్‌టీఎల్‌లో ఉందా, బఫర్‌లో ఉందా, లేక రెండింటికీ బయట ఉండి పల్లం వల్లనే మునుగుతోందా అన్నది అధికారిక సర్వే ద్వారా తేల్చుకోండి, ఎందుకంటే ఈ మూడింటికి పరిష్కారాలు వేరు. అది తేలేదాకా కొత్త అంతస్తు వేయవద్దు, పక్క ప్లాటు చౌకగా వస్తోందని కొనవద్దు. అనుమతి పత్రాలు, ప్లాను, రసీదుల ప్రతులను బంధువుల ఇంట్లో కూడా ఒక కట్ట ఉంచండి. మురుగు పైపుకు ఎదురు రాకుండా ఆపే వాల్వు బిగించండి. కరెంటు మీటరు, ఇన్వర్టరు, మోటరు స్టార్టరు పాత నీటి మరక కన్నా కనీసం రెండు అడుగుల ఎత్తుకు మార్పించండి. సంపు మూత నీరు చొరకుండా గట్టిగా బిగిసేదిగా ఉండాలి, ఒకసారి వరద నీరు చేరిన సంపును కడిగి, క్లోరిన్ వేశాకే మళ్లీ వాడాలి. సెల్లారు ఉంటే అందులో ఎవరినీ పడుకోనివ్వకండి, వాచ్‌మన్ కుటుంబం అక్కడ ఉంటున్నట్లయితే జూన్ రాకముందే వారికి పై అంతస్తులో ఒక గది ఏర్పాటు చేయండి.